మోషే మెండెల్సన్

విద్యార్థులారా, పరిశుద్ధ గ్రంథమును చదువునపుడు యూదుల పేరు మనము పుటపుటను వినుచుందుము. అబ్రాహాము, మోషే, దావీదు, యెషయా మనకు ఇంటివారివలెనే పరిచితులు. కాని గ్రంథము మూసిన పిమ్మట ఆ జనమేమయ్యెనని విచారించువారు కొద్దిమంది. ఆ కథలతోడనే ఆ జనమును అంతరించెనని తలంచు బాలురును కలరు. అది సత్యము కాదు. క్రీ. శ. 70వ సంవత్సరమున రోమనులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిరి. అంతకు మునుపే పలుదేశములందున్న యూదులు ఆ తరువాత నింకను దూరముగా చెదరిపోయిరి. దేవాలయము లేదు, రాజు లేడు, రాజ్యము లేదు. ఐనను వారు నేటివరకును తమ ధర్మశాస్త్రమును, తమ పండుగలను, తమ పేరును నిలుపుకొని యున్నారు.

యూదుడనగా నెవడు? ఒక మతమును నమ్మినవాడా? ఒక వంశమున పుట్టినవాడా? లేక ఒక విధమగు బ్రతుకు బ్రతుకువాడా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరమిచ్చుట కష్టము. పూర్వాచారము ప్రకారము యూదురాలైన తల్లికి పుట్టినవాడు యూదుడు. అన్యుడును ఆ ధర్మమును స్వీకరించి రబ్బీల సభచే నంగీకరింపబడినయెడల యూదుడగును. మగబిడ్డకు ఎనిమిదవ దినమున సున్నతి చేయుట, శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము చీకటి పడువరకు సబ్బాతు నాచరించుట, మాంసమును పాలును కలిపి భుజింపకుండుట, దినమునకు మూడుమారులు ప్రార్థించుట మొదలగునవి వారి విధులు. మోషే ధర్మశాస్త్రమున 613 ఆజ్ఞలు గలవని వారి పెద్దలు లెక్కించిరి. ఈ జీవితమును పూర్తిగా నెరవేర్చుచునే, తన కాలపు విద్యనంతటిని గడించి, యూదుడనగా నెవడను ప్రశ్నకు లోకము నెదుట ఉత్తరము చెప్పవలసివచ్చిన యొక మహనీయుని చరిత్రమును ఇచట వ్రాయుచున్నాను. ఆయన పేరు మోషే మెండెల్సన్.

ఆయన 1729వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీని జర్మనీ దేశమందలి డెస్సౌ పట్టణమున జన్మించెను. తండ్రి పేరు మెండెలు. ఆయన ధర్మశాస్త్ర లేఖకుడు. అనగా తోరా యనబడు మోషే పంచకాండములను తోలుచుట్టలమీద చేతితో వ్రాయువాడు. ఒక్క అక్షరము తప్పినను ఆ చుట్ట సమాజమందిరమున చదువుటకు పనికిరాదు. ఇంత జాగ్రత్తతో చేయు పనికి దొరకు కూలి స్వల్పము. కావున తండ్రి చిన్న బడి కూడ నడుపుచుండెను. ఇంటిలో మాటలాడు భాష హెబ్రీ అక్షరములతో వ్రాయబడు యూదుల జర్మను. అది చుట్టుపట్లనున్న జర్మనులు చదువగలది కాదు. వారి పుస్తకములను యూదుల పిల్లలును చదువరు. ఒకే వీధిలో రెండు లోకములుండెను.

బాలుడు శరీరమున దుర్బలుడు, బుద్ధియందు చురుకైనవాడు. ఆ పట్టణపు రబ్బీయైన డేవిడ్ ఫ్రెంకెలు అతనికి తాల్మూదు నేర్పెను. తాల్మూదు అనగా ధర్మశాస్త్రముపై రబ్బీలు తరతరములుగా చేసిన చర్చల సముదాయము. 1742వ సంవత్సరమున, డెస్సౌకు దగ్గరనున్న యెస్నిట్స్ గ్రామమున, 12వ శతాబ్దపు యూద తత్త్వవేత్తయగు మైమోనిడెసు రచించిన గొప్ప గ్రంథము మరల అచ్చుపడెను. మతమును బుద్ధియు పరస్పరము విరోధులు కావని చూపుటకు ప్రయత్నించిన గ్రంథమది. పదమూడేండ్ల మోషే దానిని రేయింబవళ్లు చదివెను. అతని వెన్నెముక వంగి జీవితాంతము గూనియై నిలిచెను. ఆ గూని తన కిచ్చినవాడు మైమోనిడెసే యని ఆయన పెద్దవాడైన పిమ్మట నవ్వుచు చెప్పుకొనెడివాడట.

1743లో గురువు ఫ్రెంకెలును బెర్లిను నగరపు యూదులు తమ ప్రధాన రబ్బీగా పిలిచికొనిరి. గురువు వెళ్లిన కొద్ది నెలలకు, పదునాలుగేండ్ల శిష్యుడును ఆయన వెంట పోవలెనని సుమారు 80 మైళ్లు కాలినడకన నడచి బెర్లిను చేరెను. యూదుడు ఆ నగరమున ఏ గుమ్మముననైనను ప్రవేశించుటకు వీలులేదు. రోజెంతాలు గుమ్మమునొద్దకే పోవలెను. అచ్చట యూదుల సంఘముచే నియమింపబడిన కావలివాడు వచ్చినవానిని, వాని పనిని, వానిని పోషించువారిని గూర్చి విచారించును. నిలువ నీడలేని బీదయూదుని లోనికి రానీయరు. చదువుకొనుటకు వచ్చితినని యీ బాలుడు చెప్పెను. గురువు ఆశ్రయమున్నందున లోనికి పోనిచ్చిరి.

ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరిక్కు 1750లో యూదులను గూర్చి యొక శాసనము చేసెను. దాని ప్రకారము యూదులు పలు తరగతులుగా విభజింపబడిరి. కొందరు ధనవంతులకే తమ నివాసహక్కును పిల్లలకు ఇచ్చు వీలు గలదు. మరికొందరు తాము బ్రతికియున్నంత కాలమే యుండవచ్చును. తక్కినవారు ఒక యజమానుని సేవలో నున్నంతవరకే యుండవలెను. ఆ కొలువు పోయినచో నగరమును విడువవలెను. ఆ రాజు తత్త్వవేత్తలకు మిత్రుడని ప్రసిద్ధి కెక్కినవాడు. కాని ఆ యుదారత యూదుల గడపవరకు రాలేదు.

మోషే ఆకలితో చదివెను. ఇశ్రాయేలు జామోషు అను యూదపండితుని వలన గణితమును, కీష్ అను వైద్యవిద్యార్థి వలన లాటినును, గుంపెర్ట్సు అను వైద్యుని వలన ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలను నేర్చెను. ఇంగ్లీషు తత్త్వవేత్తయగు లాకు గ్రంథమును లాటిను భాషాంతరమున, ఒక్కొక్క మాటకు నిఘంటువును చూచుచు చదివెను. ఆ కాలపు యూద పెద్దలకు జర్మను పుస్తకమన్న భయము. అది పిల్లలను ధర్మమునుండి తప్పించునని వారి శంక. మోషేకొరకు ఒక జర్మను పుస్తకమును మోసికొనిపోవుచుండిన బీదబాలుని సంఘాధికారి పట్టుకొని నగరమునుండి వెడలగొట్టెనని చెప్పుదురు. కావున మోషేకు రెండు గోడలు అడ్డుగా నుండెను. ఒకటి రాజు కట్టినది, రెండవది తనవారు కట్టినది. ఆయన ఏ గోడను కూలద్రోయుటకును సుత్తె పట్టలేదు. ఓపికతో రెంటియందును తలుపు తెరచుటకు యత్నించెను.

1750లో బెర్న్‌హార్డు అను పట్టుబట్టల వర్తకుడు తన పిల్లలకు చదువు చెప్పుటకు ఆయనను ఇంట నియమించుకొనెను. 1754లో ఆ కర్మాగారమున లెక్కల గుమాస్తా యయ్యెను. పిమ్మట కార్యనిర్వాహకుడును, యజమానుడు చనిపోయిన తరువాత భాగస్వామియు నయ్యెను. జీవితాంతము పగలు పట్టుదారపు లెక్కలు చూచి, ఉదయమును రాత్రియు తత్త్వగ్రంథములు వ్రాసెను. విద్యను అమ్మి జీవింపలేదు. దయాధర్మములపై ఆధారపడియు జీవింపలేదు.

ఆ 1754వ సంవత్సరముననే ఆయనకు లెస్సింగుతో స్నేహము కలిగెను. లెస్సింగు ఒక క్రైస్తవ బోధకుని కుమారుడు, జర్మను నాటకకర్తలలో ప్రసిద్ధుడు. ఇరువురును సమవయస్కులు. చదరంగమాడుచు పరిచితులైరి. అంతకు పూర్వమే లెస్సింగు యూదులను గూర్చి యొక చిన్న నాటకము వ్రాసియుండెను. దానిలో నొక యూదుడు ప్రత్యుపకారమాశింపక ఒక క్రైస్తవ ప్రభువును దొంగలనుండి రక్షించును. అంతటి యుత్తముడు ఆ జాతియందుండుట నమ్మదగినది కాదని ఒక పండితుడు విమర్శించెను. ఆ విమర్శ మెండెల్సను హృదయమును బాధించెను. బీదరికమును, సుంకములను, నిషేధములను భరించుచున్న జనమునకు సద్గుణము కూడ లేదనుట న్యాయమా యని ఆయన మొరపెట్టెను. లెస్సింగు మాత్రము తన నాటకమునందలి యూదుడు తన యెదుటనే కూర్చుండి యున్నాడని గ్రహించెను. మరుసటి యేట మెండెల్సను వ్రాతప్రతిని ఆయనకు చెప్పకయే లెస్సింగు అచ్చువేయించెను. ఆ విధముగా ఆయన జర్మను గ్రంథకర్త యయ్యెను. 1779లో లెస్సింగు వివేకియగు నాతాను అను నాటకమును రచించినపుడు, ఆ నాతాను పాత్రకు తన మిత్రునే మాదిరిగా గైకొనెనని లోకమెల్ల నెఱుగును.

1762లో మెండెల్సను హాంబర్గు నగరపు ఫ్రోమెతు గుగెన్‌హైమును వివాహమాడెను. మరుసటి సంవత్సరము బెర్లినునందలి రాజవిద్వత్పరిషత్తు పెట్టిన వ్యాసపరీక్షలో ఆయనకు ప్రథమ బహుమానము వచ్చెను. రెండవ స్థానము పొందినవాడు ఇమ్మానుయేలు కాంటు. అంతటి పండితుడును ఆ నగరమున నిలుచుటకు నాటివరకు పట్టువర్తకుని సేవకుడను పేరుతోనే యుండవలసివచ్చెను. రాజునకు మిత్రుడైన మార్క్విస్ దార్జాన్ అను ఫ్రెంచి పండితుడు సిఫారసు చేయగా, ఆ 1763వ సంవత్సరముననే ఆయనకు నివాసహక్కు లభించెను. కాని అది ఆయన ప్రాణముతోనే ముగియునది, పిల్లలకు రాదు. 1767లో ఆత్మ అమరత్వమును గూర్చి, గ్రీకు తత్త్వవేత్తయగు ప్లేటో ననుసరించి, ఆయన రచించిన ఫేడోను అను గ్రంథము పలుభాషలలోనికి తర్జుమా యయ్యెను. జర్మనుల సోక్రటీసని ఆయనను పిలువసాగిరి. 1771లో విద్వత్పరిషత్తు ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను గాని రాజు సమ్మతింపలేదు.

ఈ కీర్తియే ఆయనకు కష్టము తెచ్చెను. జూరిచ్ నగరమున లావటేరు అను పాదిరి యుండెను. ఆయన సద్భక్తుడు, వేడిరక్తము గలవాడు. బెర్లినుకు వచ్చినపుడు మెండెల్సనును చూచి సంభాషించెను. ఆ సంభాషణమున మెండెల్సను, ఇది మన మధ్యనే యుండవలెనని కోరి, యేసుయొక్క నీతిప్రవర్తనయందు తనకు గౌరవము గలదని కొన్ని నియమములతో చెప్పియుండెను. లావటేరు 1769లో షార్ల్ బొన్నె అను పండితుడు క్రైస్తవమతమును సమర్థించి వ్రాసిన గ్రంథమును జర్మనులోనికి తర్జుమా చేసి మెండెల్సనునకు అంకితమిచ్చెను. ఆ యంకితమున, ఈ వాదములు తప్పైనచో బహిరంగముగా ఖండింపుమనియు, సరియైనచో సోక్రటీసు వంటి సత్యప్రియుడు చేయదగిన పనిని చేయుమనియు సవాలు చేసెను. అనగా బాప్తిస్మము పొందుమనుట.

మెండెల్సను పరిస్థితి నాలోచింపుడు. ఖండించినయెడల, రాజుదయవలన నగరమున నిలిచియున్న యొక యూదుడు దేశమతముపై పోరు ప్రారంభించెనని కోపించువారు వేలకొలది. దాని ఫలము తన యొక్కనిపై గాక తన జనులందరిపై పడును. మౌనముగా నున్నయెడల ఓడిపోయెననుదురు. ఆయన ఆ డిసెంబరులోనే ఉత్తరము వ్రాసెను. తన మతమును చిన్నతనమునుండియు పరిశోధించితిననియు, ఆ పరిశోధనము తనకు తృప్తినియ్యకున్నచో ఇంత తృణీకారమునకు లోనైన మతమునందు తన్ను కట్టివేయగలది ఏదియు లేదనియు తెలిపెను. యూదధర్మము అన్యులను తనలోనికి రమ్మని వెదకదనియు, నోవహు సంతానమునకెల్ల ఈయబడిన యేడు సామాన్యధర్మములను పాటించువారు ఏ జనములోని వారైనను నీతిమంతులేయని రబ్బీలు బోధించిరనియు వివరించెను. ఒక కన్ఫ్యూషియసు గాని సోలోను గాని తన కాలమున నున్నయెడల వారిని మతము మార్పకయే గౌరవింపగలనని చెప్పెను. వాదమునకు మాత్రము దిగలేదు. 1770లో లావటేరు తాను చేసినది తొందరపాటని బహిరంగముగా క్షమాపణ వేడుకొనెను.

కాని గాయము మానలేదు. వాదప్రతివాదములు పలువురు వ్రాయసాగిరి. 1771లో మెండెల్సను నాడీసంబంధమైన జబ్బు పడెను. వైద్యులు చాలకాలము తత్త్వచింతనము మానుమని యాజ్ఞాపించిరి. ఈ సంగతి మనవంటివారు నిదానముగా తలపోయదగినది. తాను నమ్మినదానిని చెప్పుట వేరు. పదిమంది యెదుట ఒకనిని నిలువబెట్టి, ఉత్తరము చెప్పినను చెప్పకున్నను కష్టమే కలుగునట్లు ప్రశ్నించుట వేరు. రెండవదానివలన హృదయము మారదు. లావటేరు దానిని గ్రహించి ఒప్పుకొనుట ఆయనకు గౌరవము.

జబ్బునుండి తేరుకొనుచు మెండెల్సను తన కుమారులకొరకు ఒక పని ప్రారంభించెను. మోషే పంచకాండములను శుద్ధమైన జర్మను భాషలోనికి తర్జుమా చేసి, ఆ జర్మనును హెబ్రీ అక్షరములతో అచ్చువేయించి, హెబ్రీలో వ్యాఖ్యానము చేర్పించెను. 1780 మొదలు 1783 వరకు ఆ సంపుటములు వెలువడెను. ఆ గ్రంథమును పట్టిన యూదబాలుడు తనకు తెలిసిన అక్షరములగుండ తనకు తెలియని జర్మను భాషను నేర్చుకొనును. దానితోపాటు తన ధర్మశాస్త్రము యొక్క సరళార్థమును నేర్చుకొనును. పరిశుద్ధ గ్రంథమును తల్లిభాషలో చదువుకొను మనకు దీనియందు వింత కనబడదు. కాని ప్రాగు నగరపు రబ్బీ లాండౌ మొదలగు పెద్దలు కలతపడిరి. పిల్లలు జర్మనుకొరకు తోరాను చదువుదురే గాని తోరాకొరకు జర్మనును చదువరనియు, పవిత్రగ్రంథము అన్యభాషకు దాసియగుననియు వారి భయము. ఆ భయము కేవలము మూఢత్వము కాదని తరువాతి కథ చెప్పును. 1778లో ఆయన మిత్రులు బెర్లినున యూదబాలురకొరకు జర్మను, ఫ్రెంచి, లెక్కలు, హెబ్రీ నేర్పు ఉచిత పాఠశాలను స్థాపించిరి.

ఆయన కీర్తి వీధిలో ఆయనను కాపాడలేదు. 1776లో డ్రెస్డెను నగరమునకు పోయినపుడు, యూదుల తలకు విధింపబడు సుంకమును ఆయనయు చెల్లింపవలసివచ్చెను. అది పశువునకు చెల్లించు సుంకము వంటిది. సాయంకాలమున భార్యాపిల్లలతో బెర్లిను వీధులలో నడచునపుడు అల్లరి పిల్లలు యూదులని కేకలు వేయుచు రాళ్లు రువ్వెడివారు. మన మేమి చేసితిమని వీరు రాళ్లు రువ్వుచున్నారని చిన్నవాడు తండ్రిని అడిగెనట. దానికి తనలో తాను నిట్టూర్చుట తప్ప వేరు ఉత్తరము దొరకలేదని ఆయన 1780లో ఒక లేఖలో తెలిపెను. మరుసటి సంవత్సరము, ఆల్సేసు ప్రాంతపు యూదులు తమ కష్టములను గూర్చి ఆయనకు వ్రాసికొనగా, ఆయన ప్రేరణమున డోము అను ప్రష్యా ఉద్యోగి యూదులకు పౌరహక్కులీయవలెనని ఒక గ్రంథము ప్రకటించెను. ఒక క్రైస్తవుడు ఆ వాదమును చేయుట యూరపున గొప్ప సంచలనము కలిగించెను.

ఆ చర్చలలో మెండెల్సను ఇంకొక యడుగు ముందుకు వేసెను. తప్పుచేసినవానిని వెలివేయు అధికారమును రబ్బీలు విడిచిపెట్టవలెనని 1782లో వ్రాసెను. వెలి యనగానేమో మన గ్రామములలో పెరిగినవారికి వివరింపనక్కరలేదు. వెంటనే పేరులేని యొక పత్రిక ఆయనపై వెలువడెను. బలవంతము తీసివేసినచో, శిక్షలతో కూడిన మోషే ధర్మశాస్త్రమే కూలిపోవును గదా; అట్లయిన నీవింకను యూదుడవేల యని దాని ప్రశ్న. లావటేరు ప్రశ్నయే వేరు వేషమున వచ్చెను. ఈమారు మెండెల్సను తప్పించుకొనలేదు. 1783లో యెరూషలేము అను గ్రంథము వ్రాసి యూదుడనగా నెవడో తన మతమును వివరించెను.

దాని సారాంశమిది. ప్రభుత్వము మనుష్యుల క్రియలను శాసింపవచ్చును, నమ్మకమును శాసింపజాలదు. మతసంఘమునకు బోధించుటకు, ఓదార్చుటకు హక్కు గలదు గాని శిక్షించుటకు లేదు. దేవుడొక్కడే యనియు, ఆయన లోకమును పాలించుననియు, ఆత్మ నశింపదనియు తెలిసికొనుటకు దేవుడు సకల జనులకు బుద్ధినిచ్చెను. ఈ సత్యములు యూదుల సొంత ఆస్తి కావు. సీనాయి పర్వతమున ఇశ్రాయేలీయులకు విడిగా దొరకినది నమ్మవలసిన సిద్ధాంతముల పట్టిక కాదు, చేయవలసిన ధర్మము. దీనిని నమ్ముమని గాక, దీనిని చేయుమని, దీనిని చేయవద్దని యా శాస్త్రము చెప్పును. ఆ క్రియలు మౌనముగా నుండవు. పస్కారాత్రి పులియని రొట్టెను చూచి చిన్నవాడు ఇది ఏమని అడుగును; తండ్రి ఐగుప్తునుండి విడుదలయైన కథను చెప్పును. ఆచారము ప్రశ్నను పుట్టించును, ప్రశ్న జ్ఞానమును పుట్టించును. పుస్తకమున వ్రాసినది చచ్చిన అక్షరము కావచ్చును. ఇంటిలో జీవించినది జీవమున్న అక్షరము.

గ్రంథాంతమున ఆయన తన జనులకు గట్టి మాట చెప్పెను. నీవుండు దేశపు చట్టములను నెరవేర్పుము, తండ్రుల ధర్మమును కూడ నెరవేర్పుము. ధర్మశాస్త్రమును విడిచిననే పౌరహక్కులు దొరకునన్నచో, ఆ హక్కులు లేకయే యుండవలసినదే గాని ధర్మమును వెలగా చెల్లింపరాదు. పాలకులకును విన్నవించెను: మతములన్నిటిని ఒక్కటి చేయుట శాంతికి మార్గము కాదు, భిన్నత్వము దైవసంకల్పమే. కాంటు ఈ గ్రంథమును మెచ్చి ఆయనకు వ్రాసెను. కాని ఆక్షేపించినవారును కలరు. బుద్ధియే చాలునన్నచో ధర్మమేల యని కొందరు క్రైస్తవులనిరి. మైమోనిడెసు పదమూడు విశ్వాససూత్రములు చెప్పలేదా, నమ్మకము లేని యూదధర్మమెట్లని కొందరు యూదులనిరి. ఆ తర్కము నేటికిని ముగియలేదు.

మెండెల్సను తాను వ్రాసినట్లే జీవించెను. రాజసభలవారును, పండితులును ఆయన యింటికి వచ్చెడివారు. ఐనను సబ్బాతును మీరలేదు, భోజనవిధులను తప్పలేదు. 1781లో లెస్సింగు మరణించెను. చనిపోయిన మిత్రుడు నాస్తికప్రాయుడని యాకోబీ యను గ్రంథకర్త ఆరోపింపగా, మెండెల్సను మిత్రుని పేరు కాపాడుటకు తుది గ్రంథము వ్రాసెను. 1785 డిసెంబరు 31వ తేది శనివారము. సబ్బాతు ముగిసిన పిమ్మట చలిలో ఆ వ్రాతప్రతిని తానే ప్రకాశకునికి అందజేసి వచ్చెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. జలుబు చేసి, 1786 జనవరి 4వ తేదీని, 56వ యేట కాలధర్మము నొందెను.

ఆయనకు పుట్టిన పదిమంది పిల్లలలో ఆరుగురు పెద్దవారైరి. వారిలో నలుగురు తరువాత క్రైస్తవులైరి. యోసేపు, రేఖా యను ఇరువురు మాత్రము యూదులుగా నిలిచిరి. కొందరు దృఢవిశ్వాసముతో మారిరి. ఆ కాలమున బాప్తిస్మము ఉద్యోగములకును, గౌరవమునకును తలుపు తెరచునది గనుక లోకమర్యాదకై మారినవారును ఆ తరమున లేకపోలేదు. ప్రాగు రబ్బీ భయపడినది కొంత జరిగెను. కుమారుడు అబ్రాహాము తన పిల్లలకు 1816లో బాప్తిస్మమిప్పించెను. ఆ పిల్లలలో నొకడు ప్రసిద్ధ సంగీతకర్తయగు ఫేలిక్సు మెండెల్సను. ఆయన 1829లో బాకు రచించిన మత్తయి సువార్తానుసార శ్రమల సంగీతమును బెర్లినున పునరుద్ధరించెను. తాతగారి యింటిపేరును మానుమని తండ్రి కోరినను ఫేలిక్సు మానలేదు.

ఇక కథలో విషాదభాగము. నాజీలు జర్మనీని పాలించినపుడు యూదత్వమును నమ్మకముగా గాని, ఆచారముగా గాని ఎంచలేదు; రక్తముగా నెంచిరి. క్రైస్తవుడై చనిపోయిన ఫేలిక్సు సంగీతమును నిషేధించిరి. లీప్‌జిగు నగరమున నున్న ఆయన విగ్రహమును 1936లో తీసివేసిరి. 1943లో బెర్లినునందు తాత మోషే సమాధియున్న ప్రాచీన శ్మశానమును గెస్టపోవారు ధ్వంసము చేసిరి. యూరపు యూదులలో సుమారు 60 లక్షలమంది ఆ కాలమున చంపబడిరి. వారిలో భక్తులును కలరు, భక్తి విడిచినవారును కలరు, బాప్తిస్మము పొందినవారును కలరు. ద్వేషమునకు ఆ భేదములు కానరాలేదు. ఫేలిక్సు విగ్రహము 2008లో మరల నిలుపబడెను. ఆ శ్మశానస్థలమున నేడు మోషే మెండెల్సను పేర నొక రాయి నిలిచియున్నది.

యూదుడెవడో నిర్ణయించుటకు అతనిని ద్వేషించువారికి హక్కులేదు. ఆ హక్కు ఆ జనమునకును, వారి ధర్మమునకును, వారివారి మనస్సాక్షికిని చెందినది. నేడును ధర్మశాస్త్రము ననుసరించు యూదులు కలరు. ఆచారములలో కొన్నిటిని మార్చుకొనినవారు కలరు. సమాజమందిరమునకు పోకున్నను, పస్కాబల్లయొద్ద కూర్చుండుటచేతను, తమ జనము యొక్క భాషను, చరిత్రను, దుఃఖమును తమవిగా నెంచుటచేతను యూదులమని చెప్పుకొనువారు కలరు. వీరందరియందును మెండెల్సను అడిగిన ప్రశ్న జీవించుచున్నది. తన జనమును విడువక లోకమునకంతటికి చెందుట సాధ్యమా? ఆయన సాధ్యమని చెప్పెను, చేసి చూపెను. ఆయన పిల్లలలో పెక్కుమందికి అది సాధ్యము కాలేదు.

బాలబాలికలారా, మీ తరగతిలో మీ ప్రక్క బల్లమీద వేరు మతపు సహపాఠి కూర్చుండి యుండవచ్చును. అతని పండుగను, అతని యింటి భోజననియమమును చూచి మీరు ప్రశ్నింపవచ్చును, ప్రశ్న మంచిదే. అయితే ఆ ప్రశ్న పస్కారాత్రి పిల్లవాడు తండ్రిని అడుగునట్టి ప్రశ్నగా నుండవలెను. తెలిసికొనవలెనని అడుగుడు; తలవంపు చేయవలెనని అడుగకుడు. మెండెల్సను జీవితమును చదివినందుకు మనమాయనకు చెల్లింపగల గౌరవమిదియే.